ఇల్లు ఎంచుకునే లెక్క: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

నగరంలో కుటుంబాలు ఎక్కడ నివసించాలో ఎలా నిర్ణయించుకుంటాయి, ఆ నిర్ణయాలను గణిత నమూనాలో ఎలా పొందుపరుస్తారు అనే విషయంపై గత సంచికలో వచ్చిన వ్యాసానికి వరంగల్, హనుమకొండ, కాజీపేట వైపు నుంచి ఉత్తరాలు అందాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. తమ పేర్లు వేయవద్దని ఇద్దరు కోరినందువల్ల అందరి పేర్లూ వదిలేశాను.

ప్రశ్న: నేను అర్థశాస్త్రంలో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మన నగరంలో కిరాయి కుటుంబాలు ఇల్లు ఎలా ఎంచుకుంటాయన్నది నా ప్రాజెక్టు. కేంద్రం నుంచి దూరం పెరిగేకొద్దీ భూమి ధర తగ్గుతుందనే సిద్ధాంతం మా పాఠ్యపుస్తకంలో ఉంది. మా సార్ మాత్రం లాజిట్ నమూనా వాడమంటున్నారు. రెండింటికీ తేడా ఏమిటి, నేను దేనితో మొదలుపెట్టాలి?
– విద్యార్థిని, హనుమకొండ

సమాధానం: మీ పాఠ్యపుస్తకంలోని సిద్ధాంతం నిజానికి పొలాల నుంచి వచ్చింది. ఒకే ఒక మార్కెట్ పట్టణం చుట్టూ ఏ పంట ఎంత దూరాన పండుతుందన్నది రవాణా ఖర్చును బట్టి ఉంటుందని జర్మనీలో ఫాన్ థ్యూనెన్ 1826లో వివరించాడు. 1964లో విలియం అలోన్సో అదే ఆలోచనను నగరంలోని ఇళ్లకు వర్తింపజేశాడు; ఎడ్విన్ మిల్స్, రిచర్డ్ మూత్ దానిని మరింత విస్తరించారు. ఉద్యోగాలన్నీ నడిబొడ్డునే ఉన్నాయనుకుంటే, దగ్గర ఉండేవారికి ప్రయాణ ఖర్చు మిగులుతుంది, ఆ మిగులును భూమి యజమాని కిరాయి రూపంలో తీసుకుంటాడు. అందువల్ల నడిబొడ్డున ఇరుకైన ఇల్లు ఎక్కువ కిరాయికి, శివారులో విశాలమైన ఇల్లు తక్కువ కిరాయికి దొరుకుతాయన్నది దాని సారాంశం.

మన నగరానికి వచ్చేసరికి మొదటి అడుగులోనే చిక్కు వస్తుంది. నడిబొడ్డు ఏది? వరంగల్ స్టేషన్, పాత బజార్లు, ఎనుమాముల మార్కెట్ ఒకవైపు ఉన్నాయి. కార్యాలయాలు, కోచింగ్ సెంటర్లు, బస్టాండు హనుమకొండలో ఉన్నాయి. కాజీపేట రైల్వే మీద పెరిగిన ఊరు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలై నేడు నిట్‌గా ఉన్న సంస్థ కాజీపేట, హనుమకొండల మధ్య ఉంటే, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం మరో దిక్కున ఉంది. 1934లో వచ్చిన ఆజంజాహి మిల్లు ఒకప్పుడు తన చుట్టూ కార్మికుల బస్తీలను పెంచింది. మిల్లు మూతపడినా బస్తీలు అక్కడి నుంచి కదలలేదు. మూడు ఊళ్లు కలిసిపోయి ఒక నగరమైన చోట ఒకే కేంద్రం నుంచి దూరం కొలవడం మొదలుపెడితే, మీ లెక్క అక్కడే తప్పుదారి పడుతుంది. ఆ సిద్ధాంతాన్ని పరిచయ అధ్యాయంలో గౌరవంగా ప్రస్తావించి, మీ సార్ చెప్పిన దారిలో నడవండి.

లాజిట్ నమూనా నగరం మొత్తాన్ని కాకుండా ఒక్కొక్క కుటుంబాన్ని, దాని ముందున్న ఒక్కొక్క ఇంటిని చూస్తుంది. ప్రతి ఇల్లూ ఆ కుటుంబానికి కొంత ప్రయోజనాన్ని ఇస్తుంది. ఆ ప్రయోజనంలో మనం కొలవగలిగే భాగం ఒకటి, అంటే కిరాయి, ప్రయాణ సమయం, గదుల సంఖ్య, నల్లా నీళ్లు వంటివి; మనకు కనిపించని భాగం మరొకటి. కనిపించని భాగం ఉంది కాబట్టి ఏ ఇల్లు ఎంచుకుంటారో కచ్చితంగా చెప్పలేం, సంభావ్యతను మాత్రమే చెప్పగలం.

చిన్న లెక్క చేసి చూద్దాం. ఇందులోని అంకెలు వివరణ కోసం నేను అనుకున్నవి. హనుమకొండలో పనిచేసే ఒక కుటుంబం ముందు మూడు ఇళ్లున్నాయి. సుబేదారిలో కిరాయి 12,000 రూపాయలు, ప్రయాణం 10 నిమిషాలు. భీమారంలో 8,000 రూపాయలు, 30 నిమిషాలు. కరీమాబాద్‌లో 7,000 రూపాయలు, 40 నిమిషాలు. కిరాయిలో ప్రతి వెయ్యికి ప్రయోజనం 0.2, ప్రయాణంలో ప్రతి నిమిషానికి 0.05 తగ్గుతుందనుకుందాం. అప్పుడు సుబేదారి ఇంటికి మైనస్ 2.9, భీమారం ఇంటికి మైనస్ 3.1, కరీమాబాద్ ఇంటికి మైనస్ 3.4 వస్తాయి. 2.718 అనే సంఖ్యకు వీటిని ఘాతాంకాలుగా వేస్తే వరుసగా 0.055, 0.045, 0.033 వస్తాయి. ఒక్కొక్కదానిని మూడింటి మొత్తంతో భాగిస్తే సంభావ్యతలు సుమారు 41, 34, 25 శాతంగా తేలుతాయి. లాజిట్ గురించి భయపడవలసింది ఇంతకుమించి ఏమీ లేదు. నిజమైన పనిలో మాత్రం ఇది తలకిందులుగా జరుగుతుంది: కుటుంబాలు ఏ ఇళ్లు ఎంచుకున్నాయో చూసి, ఆ 0.2, 0.05 అనే గుణకాలను కనిపెట్టాలి.

ఆ రెండు గుణకాల నిష్పత్తిని జాగ్రత్తగా గమనించండి. 0.05ను 0.2తో భాగిస్తే 0.25 వస్తుంది, అంటే రోజూ చేసే ప్రయాణంలో ఒక్క నిమిషం తగ్గడం కోసం ఈ కుటుంబం నెలకు 250 రూపాయలు ఎక్కువ కిరాయి ఇవ్వడానికి సిద్ధంగా ఉంది. కొత్త రోడ్డు వేయాలా, బస్సు వేయాలా అనే చర్చల్లో పనికివచ్చే సంఖ్య ఇదే కాబట్టి దానిని తప్పుగా తేల్చితే నష్టపోయేది పరీక్షలో మీ మార్కులొక్కటే కాదు.

డేనియల్ మెక్‌ఫాడెన్ ఈ పద్ధతిని నివాస ఎంపికకు అన్వయిస్తూ 1978లో రాసిన వ్యాసం నేటికీ ఈ రంగానికి పునాది. ఎంపికల విశ్లేషణలో చేసిన కృషికి ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వ్యాసంలోని రెండు విషయాలు మీకు నేరుగా అక్కరకొస్తాయి. నగరంలో వేల ఇళ్లుంటాయి, అన్నింటినీ లెక్కలోకి తీసుకోవడం సాధ్యం కాదు. అయితే ఎంచుకున్న ఇంటితో పాటు మిగతా వాటిలో కొన్నింటిని యాదృచ్ఛికంగా తీసుకున్నా మామూలు లాజిట్‌లో గుణకాలు సరిగానే అంచనాకు వస్తాయని ఆయన చూపాడు. రెండోది, ఒకదానికొకటి పోలికగా ఉన్న ఇళ్ల సమస్య. భీమారంలో అదే అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాటుకు కూడా టూ-లెట్ బోర్డు పెట్టారనుకోండి. అది ప్రధానంగా మొదటి ఫ్లాటు గిరాకీనే పంచుకోవాలి. మామూలు లాజిట్ మాత్రం సుబేదారి, కరీమాబాద్ ఇళ్ల నుంచి కూడా అదే నిష్పత్తిలో లాగేస్తుంది. దీనికి విరుగుడుగా, ముందు ప్రాంతం, ఆ తర్వాత ప్రాంతంలోని ఇల్లు అనే రెండు మెట్ల నమూనా వాడతారు.

ఒక హెచ్చరిక. మంచి గాలి, వెలుతురు, మర్యాదస్తులైన ఇరుగుపొరుగు ఉన్న ఇంటికి కిరాయి కూడా ఎక్కువే ఉంటుంది. ఆ మంచి గుణాలు మీ ఫారంలో లేకపోతే, జనం ఎక్కువ కిరాయిని ఇష్టపడుతున్నట్లు లెక్క తేలవచ్చు. కిరాయి గుణకం ప్లస్‌గా వస్తే సంబరపడకుండా, దేనిని నమోదు చేయడం మరచిపోయారో వెతకండి.

ప్రశ్న: నేను హనుమకొండలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. మా ఆయన ఎనుమాముల మార్కెట్‌లో గుమాస్తా. నాలుగు వారాలు తిరిగి తొమ్మిది ఇళ్లు చూశాం. మా అమ్మాయి నోటుబుక్కులో రాసిపెట్టింది. రెండు ఇళ్లలో కులం అడిగి, చెప్పిన తర్వాత, వేరేవాళ్లకు మాట ఇచ్చామన్నారు. ఒకచోట రాత్రి పది తర్వాత గేటుకు తాళం వేస్తామన్నారు. నాకు నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. ఒకటి మూడో అంతస్తు, మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. ఒకచోట ఎండాకాలం బోరు ఎండిపోతుందని పక్కింటివాళ్లే చెప్పారు. రెండు ఇళ్లకు కిరాయి మా వల్ల కాలేదు. ఒక గల్లీలో వీధిదీపాలు లేవు. చివరకు ములుగు రోడ్డు వైపు తొమ్మిదో ఇల్లు తీసుకున్నాం. దీన్ని మేము ఎంచుకున్నామని మీరు రాస్తారా?
– ఒక పాఠకురాలు, వరంగల్

సమాధానం: అమ్మా, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఈ విషయం లోతును ఇంత స్పష్టంగా చూపినది మరొకటి లేదు. మీ అమ్మాయి నోటుబుక్కులోని ఆ పేజీ, పరిశోధకులు చాలాసార్లు సేకరించకుండా వదిలేసే సమాచారమే.

మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను. కులం అడిగి తిప్పి పంపిన రెండు ఇళ్లనూ మీరు కాదనలేదు. ఆ ఇళ్ల యజమానులు మిమ్మల్ని కాదన్నారు. పది గంటలకు తాళం వేసే ఇల్లు మీ ఉద్యోగంతో పొసగదు కాబట్టి అది మీ ముందు ఉన్నా లేనట్టే. మూడో అంతస్తు, ఎండిపోయే బోరు, చీకటి గల్లీ మాత్రం మీరు తూకం వేసి వదులుకున్నవి. కిరాయి ఎక్కువైన రెండు ఇళ్లు మధ్యలో ఉంటాయి: మరీ అవసరమైతే సర్దుకోగలిగేవైతే ఎంపికలో భాగం, ఏ విధంగానూ కట్టలేనివైతే కావు. తొమ్మిది ఇళ్లు చూశామని మీరంటున్నా, మీ ఎదుట నిజంగా నిలిచినవి నాలుగు గానీ, ఆరు గానీ.

నమూనా ఈ తేడాను పట్టించుకోకపోతే ఏమవుతుందో పై సమాధానంలోని మూడు ఇళ్లతోనే చూపుతాను. సుబేదారి ఇంటి యజమాని ఆ కుటుంబానికి ఇల్లు ఇవ్వనన్నాడనుకోండి. మిగిలిన రెండింటిలో భీమారం సంభావ్యత 34 నుంచి 57 శాతానికి, కరీమాబాద్ సంభావ్యత 25 నుంచి 43 శాతానికి పెరుగుతుంది. ఇటువంటి కుటుంబాలు వంద ఉంటే నలభై పైచిలుకు రోజుకు నలభై నిమిషాల ప్రయాణాన్ని నెత్తిన వేసుకుంటాయి. సర్వే చేసిన వ్యక్తికి గుమ్మం దగ్గర జరిగిన సంభాషణ తెలియదు. దగ్గరలో ఇల్లు ఖాళీగా ఉన్నా దూరం వెళ్లారని చూసి, వీరు తమ సమయానికి విలువ ఇవ్వరని గుణకం తేలుస్తాడు. ఆ గుణకాన్ని తీసుకుని మరొకరు, ఆ బస్తీ నుంచి తొందరగా చేర్చే బస్సు వేయనవసరం లేదని నివేదిక రాస్తారు. మొదట ఇల్లు నిరాకరించారు, ఆ నిరాకరణ వల్లనే తర్వాత బస్సు కూడా నిరాకరించబడుతుంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే: లెక్కలో ఎక్కడా తప్పు లేదు, లెక్కకు ఇచ్చిన జాబితా తప్పు.

బస్తీలు విడివిడిగా ఎందుకు ఏర్పడతాయన్న చర్చలో అర్థశాస్త్రవేత్త థామస్ షెల్లింగ్ పేరు తరచుగా వినిపిస్తుంది. గళ్ల బల్ల మీద రెండు రకాల నాణేలు పేర్చి, ప్రతి నాణెమూ తన చుట్టూ తనవంటివి కొన్ని ఉంటే చాలని కోరుకున్నా, కదుపుతూ పోతే చివరికి రెండు రకాలూ వేర్వేరు గుంపులుగా విడిపోతాయని ఆయన 1971లో చూపాడు. గొప్ప పరిశీలన, కాదనను. అయితే అందులో నాణేలు తమంతట తాము కదులుతాయి. మన దగ్గర బస్తీలు విడివిడిగా ఉండటాన్ని దానితోనే వివరించి ఊరుకుంటే, ఎవరి వారి దగ్గర ఉండటం వారికే ఇష్టమన్న మాట మిగులుతుంది. మీ నోటుబుక్కులోని మొదటి రెండు ఇళ్లు అలా చెప్పడం లేదు.

మరొక విషయం కూడా మీ ఉత్తరంలో ఉంది. చాలా నమూనాలు కుటుంబాన్ని ఒక్క మనిషిగా, ఆ మనిషికి ఒక్కటే పనిచోటు ఉన్నట్లుగా చూస్తాయి. మీ ఇంట్లో ఆసుపత్రి ఒక కొస, మార్కెట్ మరో కొస, మీ అత్తమ్మ మోకాళ్లు మూడో విషయం. ములుగు రోడ్డు వైపు ఇల్లు రెండు పనిచోట్లకూ నడుమన పడుతుంది. మీ ఒక్కరి ప్రయాణమే కొలిచినా, ఆయన ఒక్కరిదే కొలిచినా ఆ ఇల్లు ఎందుకు తీసుకున్నారో అర్థం కాదు. పైగా రాత్రి డ్యూటీ దిగి వచ్చేటప్పటి పది నిమిషాలు, పగటి పది నిమిషాలు ఒకటి కావు. వీధిదీపాలు లేని గల్లీకి వేరే గుణకం ఉండాలి.

పైన ప్రశ్న అడిగిన విద్యార్థిని ఇది కూడా చదువుతుందని ఆశిస్తున్నాను. ఎక్కడ ఉంటున్నారు, కిరాయి ఎంత అని మాత్రమే అడిగే ఫారం చాలదమ్మా. చూసిన ఇళ్లు ఎన్ని, వాటిలో మీరు వద్దనుకున్నవి ఏవి, మీకు ఇవ్వనన్నవి ఏవి, ఏమని చెప్పి ఇవ్వనన్నారు, టూ-లెట్ బోర్డు చూసి వెళ్లారా లేక తెలిసినవాళ్లు చెప్పారా అనే ప్రశ్నలు చేర్చు. గత రెండేళ్లలో ఇల్లు మారిన కుటుంబాలనే కలువు, అంతకు ముందువి జ్ఞాపకం ఉండవు. కులం గురించి సమాధానం చెప్పడం ఇష్టం లేనివారిని ఒత్తిడి చేయకు. వంద కుటుంబాలు దొరక్కపోయినా, ఇలాంటి నలభై ఫారాలు నింపగలిగితే మంచి ప్రాజెక్టు అవుతుంది.

ప్రశ్న: మాది గీసుగొండ మండలం. టెక్స్‌టైల్ పార్కు పూర్తిగా నడిస్తే ఇక్కడ ఇళ్ల కిరాయిలు వరంగల్‌లో మాదిరిగా పెరుగుతాయని చెప్పి ప్లాట్లు అమ్ముతున్నారు. ఇటువంటి విషయాన్ని నమూనాలు ముందుగా చెప్పగలవా?
– కిరాణా దుకాణదారు

సమాధానం: ఏ దిశలో పోతుందో చెప్పగలవు, ఏ సంవత్సరంలో ఎంత పెరుగుతుందో చెప్పలేవు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరం కోసం ఇరా లౌరీ 1964లో రూపొందించిన నమూనా ఇటువంటి ప్రశ్నకే పుట్టింది: ముందు మూల పరిశ్రమలో ఉద్యోగాలు వస్తాయి, ఆ కార్మికులు కొంత దూరంలో ఇళ్లు తీసుకుంటారు, వారికోసం దుకాణాలు, బడులు వస్తాయి, వాటిలో పనిచేసేవారికి మళ్లీ ఇళ్లు కావాలి. ఈ చక్రం తిరుగుతూ క్రమంగా స్థిరపడుతుంది.

గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. అక్కడ చేరే కార్మికులు కుటుంబాలతో వస్తారా, ఒంటరిగా వచ్చి నలుగురు కలిసి ఒక గది తీసుకుంటారా, లేక పిల్లల చదువు కోసం ఇల్లు వరంగల్‌లోనే ఉంచి రోజూ ఆటోలో వచ్చిపోతారా అన్నదాని మీద మీ ఊరి కిరాయిలు ఆధారపడతాయి. మూడో రకం వారే ఎక్కువైతే మీ దుకాణం ముందు ఆటోలు పెరుగుతాయి కానీ కిరాయిలు అంతగా పెరగవు. ప్లాటు అమ్మేవారు మొదటి రకాన్ని మాత్రమే చెబుతారు.

ప్రశ్న: నేను కాజీపేటలో రైల్వే నుంచి రిటైర్ అయ్యాను. మా అల్లుడు ఒక చెరువు కింద 200 గజాల ప్లాటు ఏప్రిల్‌లో చూసి వెంటనే కొన్నాడు, ఇల్లు కట్టాడు. రెండు వానాకాలాలు నీళ్లు ఇంట్లోకి వచ్చాయి. చదువుకున్నవాడే. తెలిసి తెలిసి మనుషులు ఇలాంటి చోటు ఎందుకు ఎంచుకుంటారు? మీ లెక్కల్లో మూర్ఖత్వానికి చోటుందా?
– విశ్రాంత రైల్వే ఉద్యోగి, కాజీపేట

సమాధానం: అయ్యా, మీ అల్లుడు గారిని ఆ మాట అనకండి. ఏప్రిల్‌లో ఆ నేల ఎండి, చదునుగా, రోడ్డుకు దగ్గరగా కనిపించి ఉంటుంది. ధర చుట్టుపక్కల కంటే కొంచెం తక్కువై ఉంటుంది. ఇంటి ధర అంటే దాని ఒక్కొక్క గుణానికి మార్కెట్ కట్టే విలువల కూర్పు అని షెర్విన్ రోజెన్ 1974లో సిద్ధాంతీకరించాడు. ఆ ప్రకారం నీళ్లు వచ్చే ప్రమాదానికి తగ్గింపు ధరలోనే ఉండాలి. అయితే ఆ తగ్గింపు సరిగా ఉండాలంటే కొనేవారికీ, అమ్మేవారికీ సమానంగా తెలిసి ఉండాలి. ఇక్కడ అమ్మినవారికి తెలుసు, కొన్నవారికి తెలియదు. తగ్గినది కొంత, తగ్గవలసినది చాలా ఎక్కువ.

కాకతీయుల కాలం నుంచి మన చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు మత్తడి దుంకితే, అంటే నిండి పొంగితే, ఆ నీరు కింది చెరువుకు పోవాలి, దానికి ఒక దారి ఉంటుంది. ఆ దారిలో, శిఖం భూముల్లో (చెరువు నీరు నిలిచే నేలలో) ఇళ్లు వచ్చాక నీరు పాత దారినే వెతుక్కుంటుంది. 2020 ఆగస్టులో హనుమకొండ, వరంగల్ కాలనీలు మునిగినప్పుడు, 2023 జూలైలో భద్రకాళి చెరువు కట్టకు గండి పడినప్పుడు ఈ సంగతి ఊరంతటికీ గుర్తొచ్చింది. వరద వచ్చిన వెంటనే తగ్గిన ధరలు కొన్నేళ్లకు మళ్లీ పైకి లేస్తాయని ఇతర దేశాల్లో జరిగిన అధ్యయనాలు చూపాయి. ప్రమాదం తగ్గినందువల్ల కాదు, జ్ఞాపకం తగ్గినందువల్ల.

తెలిసి కూడా అక్కడే ఉండేవారు ఉంటారు, వారి సంగతి వేరు. పనికి దగ్గరగా, తక్కువ కిరాయికి మరో గది దొరకని కుటుంబం ఏడాదికి రెండు రోజుల నీళ్లను భరించి మిగతా రోజులు గడుపుతుంది. లాజిట్ లెక్కలో చూస్తే వారికి ముంపు గుణకం చిన్నగా కనిపిస్తుంది. పై ఉత్తరంలోని నర్సు గారి విషయంలో మాదిరిగానే, అది ఇష్టం తక్కువై కాదు, జాబితా చిన్నదై.

కాబట్టి ఇటువంటి సర్వేలో తెలిసి తీసుకున్నవారిని, తెలియక కొన్నవారిని విడిగా రాసుకోవాలి. అందుకు రెండు గడులు చాలు: ఆ ప్లాటు మొదటిసారి ఏ నెలలో చూశారు, గోడ మీద నీటి గుర్తు ఎంత ఎత్తులో ఉంది. మీరు అడగకుండానే మొదటి గడి నింపి పంపారు. రెండోది వీలైతే మీ అల్లుడు గారి చేత టేపు పెట్టి కొలిపించి రాయండి.